విదేశంలో ఇంకో ఇంట్లో ఉండి భాష నేర్చుకోవడం, సేవ చేయడం: విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో నేను ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. మా అమ్మాయి డిగ్రీ అయ్యాక జర్మనీ వెళ్లి, ఒక కుటుంబంతో ఉంటూ ఏడాదిపాటు వృద్ధాశ్రమంలో సేవ చేసి వచ్చింది. అప్పటి నుంచి మా వీధివాళ్లు, తర్వాత ఆమదాలవలస, టెక్కలి, బొబ్బిలి, చీపురుపల్లి నుంచి కూడా తల్లిదండ్రులు వచ్చి అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు మేం నలుగురైదుగురు టీచర్లం, వెళ్లొచ్చిన పిల్లలు కలిసి ఆదివారాలు కూర్చుని చెప్తున్నాం. డబ్బు తీసుకోం. మేమే ఎవరినీ ఎక్కడికీ పంపించం. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాస్తున్నాను.

ఇది చదువా, ఉద్యోగమా, టూరా? మా బంధువులకి ఏమని చెప్పాలి?

పిల్లవాడు వేరే దేశంలో ఒక కుటుంబంతో ఉంటూ, వాళ్ల భాష నేర్చుకుంటూ, ఆ ఊళ్లో ఏదో ఒక పనిలో చేయి వేస్తాడు. బంధువులకి ఈ మాటే చెప్పండి.

దీనిలో చాలా రకాలున్నాయి. స్కూలు వయసు పిల్లలు అక్కడి కుటుంబంతో ఉంటూ అక్కడి బడిలోనే చదివేది ఒకటి. రోటరీ క్లబ్బులు, ఏఎఫ్ఎస్ లాంటి సంస్థలు ఇలాంటివి నడుపుతాయి. ఏఎఫ్ఎస్ మొదట యుద్ధంలో గాయపడినవారిని మోసిన అంబులెన్స్ డ్రైవర్ల సంఘం. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన ఆ డ్రైవర్లే 1947 నుంచి పిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపడం మొదలుపెట్టారు. ఒకరింట్లో ఒకరి పిల్లలు పెరిగితే మళ్లీ కొట్టుకోరని వాళ్ల నమ్మకం.

రెండోది కొన్ని వారాల భాషా కోర్సు. పొద్దున క్లాసు, సాయంత్రం ఏదైనా సేవ, రాత్రి ఒక కుటుంబం ఇంట్లో బస. స్పానిష్ కోసం గ్వాటెమాలాలోని ఆంటిగ్వా పట్టణం దీనికి పేరుమోసింది. మూడోది ఏడాది స్వచ్ఛంద సేవ. జర్మనీలో ప్రభుత్వ చట్టం కిందే ఇలాంటి సేవా కార్యక్రమాలున్నాయి, విదేశీ యువతకు కూడా అవకాశం ఉంది. నాలుగోది ఓ పేర్. అంటే ఒక ఇంట్లో ఉంటూ వాళ్ల చిన్నపిల్లలను చూసుకోవడం, భాష నేర్చుకోవడం. ఈ నాలుగింటికీ వయసు, వీసా, ఖర్చు అన్నీ వేరు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది వీటిని కలిపేసుకుని వస్తారు, కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

మా వాడికి ఇంగ్లిష్ మాట్లాడటమే అంతంతమాత్రం. ఇంకో భాష ఎలా వస్తుంది?

ఈ ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. మన పిల్లలకు అసలు అడ్డం ఇక్కడే ఉంది.

మన పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో కాలేజీలో చేరిన మొదటి వారంలోనే 'ఏటి' అన్నందుకు నవ్వించుకుంటారు. రెండో వారానికి 'ఏంటి' అనడం నేర్చుకుంటారు. మూడో వారానికి అసలు మాట్లాడటం తగ్గించేస్తారు. తప్పు మాట్లాడితే నవ్వుతారన్న భయం అలా ఒంట్లో దిగిపోతుంది. పరాయి భాష నేర్చుకోవడానికి ఆ భయం కంటే పెద్ద శత్రువు లేదు. వ్యాకరణం రానివాళ్లు కూడా ఆరు నెలల్లో మాట్లాడేస్తారు. నోరు విప్పనివాళ్లకు ఎన్ని పుస్తకాలు చదివినా రాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. యాస మార్చుకున్న పిల్లవాడు ఒకసారి చెవితో విని భాష నేర్చుకున్నవాడే. ఇంట్లో ఒక తెలుగు, బయట ఒక తెలుగు మాట్లాడుతున్నాడు. ఇచ్ఛాపురం వైపు పిల్లలకు ఒడియా కూడా వచ్చు. సీతంపేట వైపు సవర గిరిజనుల ఇళ్లలో పుట్టిన పిల్లలు బడిలో అడుగు పెట్టిన రోజే తెలుగులో మునిగారు. నవోదయలో తొమ్మిదో తరగతికి హిందీ రాష్ట్రానికి వెళ్లి ఏడాది ఉండి వచ్చిన పిల్లలను అడగండి, మొదటి నెల ఎలా గడిచిందో చెప్తారు. ఇవన్నీ ఈ ప్రయాణానికి పనికొచ్చే అనుభవాలే.

గిడుగు రామమూర్తి పంతులు గారు మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్నప్పుడు సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి పుస్తకం లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని, అతని మాట విని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగారు. మలేరియా జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. సవర పిల్లలకు బడులు పెట్టించారు, సవర వ్యాకరణం రాశారు, అది 1931లో అచ్చయింది. ఇంట్లో ఉండి, విని, మాట్లాడి భాష నేర్చుకోవడం మన జిల్లాకు కొత్త కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వెళ్లేముందు ఏం చేయాలంటే, కనీసం మూడు నెలలు ఆ భాష వినడం అలవాటు చేయండి. జర్మన్‌కు హైదరాబాద్‌లోని గోథె సెంట్రుమ్, ఫ్రెంచ్‌కు హైదరాబాద్ అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నాయి. ఐరోపా భాషల స్థాయిలను ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా లెక్కిస్తారు. ఎ1 వస్తే పేరు, ఊరు, ఆకలి, దాహం, నొప్పి చెప్పుకోగలరు. జపనీస్‌కు ఎన్5 మొదటి మెట్టు.

ఏ భాష మనవాళ్లకు తేలిక?

వాక్యం కట్టే తీరు చూస్తే జపనీస్ మనకు చాలా దగ్గర. మనలాగే క్రియ చివర వస్తుంది. 'ఇంట్లో', 'ఇంటికి' అన్నట్టు విభక్తి పేరు తర్వాత వస్తుంది. 'వస్తానని అన్నాడు'లో 'అని' లాంటి మాట కూడా ఉంది. ఇంగ్లిష్‌లోకి తిప్పకుండా తెలుగులోంచి నేరుగా ఆలోచించమని మా పిల్లలకు చెప్తాం. లిపి మాత్రం కష్టం, దానికి దగ్గరదారి లేదు.

స్పానిష్‌లో అచ్చులు మన అచ్చుల్లాగే తేటగా పలుకుతాయి. ఇంగ్లిష్ అలవాటు కొద్దీ 'ట', 'డ' అనేస్తారు, స్పానిష్‌లో అవి 'త', 'ద'కు దగ్గర. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మీ మాట అక్కడివాళ్లకు వెంటనే అర్థమవుతుంది. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం గుర్తుపెట్టుకోవాలి, అదే శ్రమ.

ఏ వయసులో పంపడం మంచిది? చదువు పాడవదా?

నా అభిప్రాయం చెప్తాను. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో ఏడాదిపాటు పంపకండి. తిరిగొచ్చాక ఆ ఏడాదిని ఇక్కడ ఎలా లెక్కిస్తారన్నది పెద్ద తలనొప్పి. తప్పదనుకుంటే వెళ్లేముందే కాలేజీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, ఏం ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకోండి. తొమ్మిదిలోనో, పది పరీక్షల తర్వాత వేసవిలోనో కొన్ని వారాలకు వెళ్లడం మంచిది. ఏడాది వెళ్లాలంటే ఇంటర్ అయ్యాకగానీ డిగ్రీ అయ్యాకగానీ వెళ్తే చదువుకు ఇబ్బంది లేదు.

రోటరీ వారి విద్యార్థుల మార్పిడి 15 నుంచి 19 ఏళ్ల వయసువాళ్లకు. జర్మనీ ఓ పేర్‌కు 18 నిండాలి, వీసాకు దరఖాస్తు చేసేనాటికి 27 రాకూడదు.

హోస్ట్ కుటుంబం అంటే ఎవరు? డబ్బు తీసుకుని పెట్టుకుంటారా?

కార్యక్రమాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో స్కూలు విద్యార్థులు జె-1 అనే మార్పిడి వీసా మీద వెళ్తే, హోస్ట్ కుటుంబానికి అందుకు డబ్బు ఇవ్వకూడదని అక్కడి ప్రభుత్వ నిబంధన. ఆ ఇంట్లో 18 నిండిన ప్రతి ఒక్కరి నేరచరిత్ర తనిఖీ చేయాలి. స్థానిక కోఆర్డినేటర్ ఒకరుండాలి, ఆయన ప్రతి నెలా పిల్లవాడితో మాట్లాడాలి. రోటరీలో కూడా కుటుంబాలు ప్రేమతో పెట్టుకునేవే. ఏడాదిలో సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ ఇళ్లలో ఉంటారు. భాషా కోర్సుల్లో మాత్రం కుటుంబానికి గదికి, భోజనానికి కొంత ఇస్తారు. డబ్బు తీసుకుంటే ప్రేమ ఉండదని అనుకోవద్దు. ఆంటిగ్వాలో అది చాలా ఇళ్లకు గౌరవమైన ఆదాయం.

కుటుంబం అంటే అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు అనే ఊహ పెట్టుకోవద్దు. ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ల అమ్మమ్మ కావచ్చు. భర్త నుంచి విడిపోయి కొడుకుతో ఉంటున్న తల్లి కావచ్చు. మా అమ్మాయి హోస్ట్ తల్లి లారీ నడిపేవారు. 'ఇంట్లో మగదిక్కు లేదట' అని మా అత్తయ్య నెల రోజులు టెన్షన్ పడింది. ఆవిడ మా అమ్మాయికి సైకిల్ పంక్చర్ వేయడం నేర్పించారు, జ్వరం వస్తే పక్కన కూర్చున్నారు.

ఆడపిల్లను ఒక్కదాన్నే పంపాలా? ఎవరినైనా తోడు పంపవచ్చా?

తోడు పంపితే ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకుంటారు, వెళ్లిన పని కాదు. విమానంలో జతగా వెళ్లవచ్చు, ఇళ్లు మాత్రం వేరుగా ఉండాలి.

భద్రత విషయంలో మీరు అడిగి తీరాల్సినవి చెప్తాను. కుటుంబం వివరాలు ఎన్ని రోజుల ముందు ఇస్తారు? వీడియో కాల్‌లో ముందే మాట్లాడించగలరా? అమ్మాయికి వేరే గది, లోపల గడియ ఉందా? అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఆ ఊళ్లోనే ఉన్నారా? ఇల్లు మార్చాలంటే ఎన్ని రోజులు పడుతుంది? వీటికి సూటిగా జవాబు చెప్పనివాళ్ల చేతికి మీ పిల్లను అప్పగించకండి. అబ్బాయిల విషయంలో కూడా ఇవే అడగండి, వాళ్లకూ ఆపదలు వస్తాయి.

పాస్‌పోర్ట్ ఎప్పుడూ పిల్లల దగ్గరే ఉండాలి. 'దాచిపెడతాం ఇవ్వు' అని సంస్థవాళ్లు అడిగినా, ఇంటివాళ్లు అడిగినా ఇవ్వనవసరం లేదు. ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం నంబరు ఫోన్‌లో ఒకచోట, కాగితం మీద ఒకచోట రాసి పెట్టండి. మన విదేశాంగ శాఖకు మదద్ అనే పోర్టల్ ఉంది. అక్కడ ఇబ్బంది వస్తే దానిలో ఫిర్యాదు పెట్టవచ్చు.

మేం శాకాహారులం. అక్కడ తిండి ఎలా?

దరఖాస్తులోనే రాయండి. 'శాకాహారి' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. చేపలు తినను, గుడ్డు తింటాను లేదా తినను, మాంసం ఉడికించిన నీళ్లతో చేసిన సూప్ కూడా తాగను అని విడమరిచి రాయండి. చాలా దేశాల్లో శాకాహారం అంటే చేప తినవచ్చనే అనుకుంటారు. జపాన్‌లో చాలా వంటల్లో చేపతో కాచిన రసమే పునాది, కాబట్టి పూర్తి శాకాహారికి అక్కడ కష్టమే. అది తెలిసే వెళ్లండి. శనివారాలు మాత్రమే నీసు మానేసేవాళ్లు ఆ మాట కూడా చెప్పండి, వాళ్లు సర్దుతారు.

పిల్లలకు రెండు మూడు వంటలు నేర్పి పంపండి. అన్నం వార్చడం, పప్పు, ఒక వేపుడు చాలు. హోస్ట్ ఇంట్లో నెలకోసారి మన వంట చేసి పెడితే ఆ పూటంతా మాటలే. భాష అక్కడ గబగబా వస్తుంది.

వాళ్లింట్లో ఎలా మసలుకోవాలి?

ముందు మన మొహమాటం గురించి చెప్పాలి. మనింటికి వచ్చినవాళ్లు మొదటిసారి 'వద్దండీ' అంటారు, మనం రెండోసారి, మూడోసారి బతిమాలి వడ్డిస్తాం. జర్మనీలో 'వద్దు' అంటే వద్దనే అర్థం. మా దగ్గర నుంచి వెళ్లిన ఒక అబ్బాయి మొదటి వారం ప్రతి పూటా మర్యాదకి 'వద్దు' అని, ఆకలితో పడుకున్నాడు. ఆ తల్లి 'ఈ కుర్రాడు తక్కువ తింటాడు' అనుకుని ఇంకా తక్కువ వండింది. కావాలంటే కావాలనండి. అది అమర్యాద కాదు.

నువ్వు, మీరు అన్న తేడా మనకు బాగా తెలుసు, చాలా భాషల్లో ఉంది. జర్మన్‌లో 'దూ' అంటే నువ్వు, 'జీ' అంటే మీరు. హోస్ట్ తల్లిదండ్రులు మొదటి రోజే 'దూ' అనమంటారు. అమ్మ వయసు మనిషిని పేరు పెట్టి, నువ్వు అని పిలవాలంటే మన పిల్లలకు గొంతు పెగలదు. అనండి పర్వాలేదు, వాళ్లు అడిగిందే చేస్తున్నారు. వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను మాత్రం 'జీ' అనాలి.

జపాన్‌లో గుమ్మంలో చెప్పులు విప్పడం మనకు అలవాటే. స్నానం మాత్రం కొత్త. ముందు తొట్టి బయట కూర్చుని సబ్బుతో ఒళ్లంతా కడుక్కోవాలి, తర్వాత వేడినీళ్ల తొట్టిలో కూర్చోవాలి. అదే నీళ్లలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు. లోపల సబ్బు వాడకూడదు, మీ వంతు అయ్యాక నీళ్లు వదిలేయకూడదు.

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, గట్టి చప్పుడు చేసే పనులు చేయరు. చెత్తను రకరకాల డబ్బాల్లో వేరు చేసి వేయాలి. ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 యూరో సెంట్లు వస్తాయి కాబట్టి పారేయకండి. కుక్క సోఫా మీద పడుకుంటుంది. కుక్కంటే భయమైతే దరఖాస్తులోనే రాయండి, సిగ్గుపడకండి.

తిన్న కంచం తీయడం, మంచం సర్దడం, వారానికోసారి గది తుడవడం మగపిల్లలు కూడా చేయాలి. ఇది వెళ్లేముందు రెండు నెలలు ఇక్కడే అలవాటు చేయండి. అక్కడికి వెళ్లాక నేర్పితే కుటుంబానికి కష్టం, పిల్లవాడికి చిన్నతనం.

సేవ అంటే ఏం చేయిస్తారు?

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన పలాస వైపు తీరం దాటినప్పుడు నేను చూసిన సంగతి చెప్తాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు లేదు, మోటారు లేక తాగునీళ్లు లేవు. ఎక్కడెక్కడి నుంచో మంచి మనసుతో వ్యాన్లలో జనం వచ్చారు. చాలామంది పాత బట్టలు తెచ్చారు. అవి రోడ్డు పక్కన కుప్పలుగా తడిసి పడి ఉండేవి. ఆ రోజు మాకు కావలసింది దారికి, ఇళ్లకు అడ్డంగా పడిన చెట్లు కోసే రంపాలు, జనరేటర్లు, నీళ్ల ట్యాంకర్లు. ఒక కుర్రాళ్ల బృందం మాత్రం దిగగానే ముందు ఊరి పెద్దావిడ దగ్గర కూర్చుని 'అమ్మా, ఏం కావాలి' అని అడిగింది. వెళ్లి రంపాలు తెచ్చింది. మూడు రోజులు మాతోపాటే తిని చెట్లు కోసింది.

సహాయం అందుకునే వైపు నిలబడ్డవాళ్లం కాబట్టి మనకు ఈ తేడా తెలియాలి. వేరే దేశం వెళ్లినప్పుడు ఆ కుర్రాళ్లలా ఉండమని పిల్లలకు చెప్పండి. ముందు అడగాలి, అడగాలంటే భాష రావాలి. గిడుగు వారు ముందు సవర నేర్చుకున్నారు, బడి తర్వాత వచ్చింది.

జర్మనీలో ఏడాది సేవ అంటే వృద్ధాశ్రమం, చిన్నపిల్లల బడి, వికలాంగుల సంస్థ లాంటి చోట్ల సహాయకులుగా పని. పూర్తి రోజు పని, జేబు ఖర్చుకు కొంత డబ్బు, ఆరోగ్య బీమా ఉంటాయి. ఏడాదిలో 25 రోజులు శిక్షణ తరగతులు కూడా ఉంటాయి. మా అమ్మాయి మొదటి రెండు నెలలు టీ కలపడం, దుప్పట్లు మడవడం, చెయ్యి పట్టుకుని నడిపించడం తప్ప ఏమీ చేయలేదు. అక్కడి ముసలివాళ్లే ఆమెకు భాష నేర్పారు. ఒకే కథను రోజూ చెప్పే ఒక తాతగారి వల్ల భూతకాలం బాగా వచ్చిందని చెప్పింది.

రెండు మూడు వారాలకు వెళ్లేవాళ్లు పెద్ద సేవ ఏదో చేస్తామని అనుకోవద్దు. తోటపని, గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, వంటశాలలో కూరలు తరగడం లాంటివి చాలు.

అనాథాశ్రమంలో పిల్లలతో ఉండే సేవ దొరికితే వెళ్లవచ్చా?

వద్దు. నేపాల్, కంబోడియా లాంటి దేశాల్లో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని తేలింది. డబ్బు కట్టి వచ్చే విదేశీ వాలంటీర్ల కోసమే కొన్నిచోట్ల పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి పెట్టారు. మంచి ఆశ్రమంలో కూడా రెండు వారాలు ముద్దుచేసి వెళ్లిపోయే మనుషుల వల్ల ఆ పిల్లలు మళ్లీ మళ్లీ ఎవరినో పోగొట్టుకుంటారు. మీ పిల్లను రెండు వారాలకోసారి కొత్తవాళ్లకు అప్పగిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

నర్సింగ్, మెడిసిన్ చదివే పిల్లలకు కూడా ఒక మాట. ఇక్కడ చేయడానికి అర్హత లేని పనిని అక్కడ పేదవాళ్ల మీద చేయకూడదు. ఇంజెక్షన్ ఇవ్వమన్నా, కుట్లు వేయమన్నా 'నాకు అర్హత లేదు' అనండి.

ఖర్చు ఎంత అవుతుంది?

ఒక్క అంకె చెప్పలేం. స్కూలు మార్పిడిలో అక్కడి బస, తిండి కుటుంబం చూస్తుంది. విమానం టికెట్, బీమా, వీసా, చేతి ఖర్చు మీవి. జర్మనీ ఓ పేర్‌లో బస, తిండి, బీమాతో పాటు కుటుంబం నెలకు 280 యూరోల జేబు ఖర్చు, భాషా తరగతులకు నెలకు 70 యూరోలు ఇవ్వాలి. పని వారానికి 30 గంటలు దాటకూడదు. అక్కడున్న మన తెలుగు కుటుంబం దగ్గరికే ఓ పేర్‌గా వెళ్లవచ్చా అని అడుగుతుంటారు. కుదరదు. ఇంట్లో మాట్లాడేది జర్మన్ కావాలి, ఒకే దేశంవాళ్లు కాకూడదు. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే 90 రోజుల లోపు షెంగెన్ వీసాకు పెద్దవాళ్లకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. ఫీజులు మారుతుంటాయి, కట్టేముందు ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోండి.

దీనికోసం పొలం అమ్మవద్దు, బంగారం తాకట్టు పెట్టవద్దు. స్కాలర్‌షిప్ వచ్చేదాకా ఆగండి, లేదా ఓ పేర్, సేవ లాంటి ఖర్చు తక్కువ దారి చూడండి. ఇది అప్పు చేసి కొనాల్సిన అనుభవం కాదని ప్రతి ఆదివారం చెప్తూనే ఉన్నాం.

ఒక ఏజెంట్ అన్నీ చూసుకుంటానంటున్నాడు. నమ్మవచ్చా?

మా అమ్మాయికి మొదటిసారి మేం ఒక ఏజెంట్‌కే అడ్వాన్స్ కట్టాం. సేవకు వెళ్తుందని చెప్పి టూరిస్ట్ వీసాకు కాగితాలు నింపాడు. 'ఎయిర్‌పోర్ట్‌లో అడిగితే చూడ్డానికి వచ్చానని చెప్పమ్మా' అన్నాడు. మేం వెనక్కి తగ్గాం, డబ్బు తిరిగి రాలేదు. ఆ రోజు వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

అబద్ధం చెప్పమన్నవాడి దగ్గర్నుంచి వెంటనే లేచి వచ్చేయండి. హోస్ట్ కుటుంబం పేరు, సేవాసంస్థ పేరు, అక్కడి చిరునామా కాగితం మీద ఇవ్వకముందు డబ్బు కట్టవద్దు. ఆ సంస్థకు మీరే ఈమెయిల్ రాయండి. నిజమైనదైతే జవాబు వస్తుంది. రసీదు లేకుండా నగదు వద్దు.

ఏ కాగితాలు కావాలి?

పాస్‌పోర్ట్ ముందు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్ట్‌లో పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కాబట్టి అక్కడ దాన్నే పిలుపు పేరు అనుకుంటారు, మొదటి రోజే చెప్పేయాలి. 18 నిండినవాళ్లకు 36 పేజీల పాస్‌పోర్ట్‌కు 1,500 రూపాయలు. మైనర్లకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్షర్ డి అనే ఒప్పుకోలు పత్రం కావాలి. మన జిల్లాలు విశాఖపట్నం పాస్‌పోర్ట్ కార్యాలయం కిందికి వస్తాయి. అమెరికా వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో.

కొన్ని దేశాలు మార్కుల మెమోలకు, పుట్టిన తేదీ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ అడుగుతాయి. అది మన విదేశాంగ శాఖ వేసే ముద్ర. ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ కావాలి, కాబట్టి నెల ముందే మొదలుపెట్టండి. కెన్యా, ఘనా, బ్రెజిల్, పెరూ లాంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు పుస్తకం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

కానుకగా ఏం పట్టుకెళ్లాలి?

పొందూరు ఖాదీ తువ్వాలు లేదా కండువా. తేలిక, మన ఊరిది, దాని వెనక కథ ఉంది. చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికిన నూలు అని చెప్తే వాళ్లు కళ్లింత చేసుకుని వింటారు. ఆ కథను వాళ్ల భాషలో చెప్పడం ముందే నేర్చుకోండి. పలాస జీడిపప్పు ప్యాకెట్ బాగుంటుంది. ఐరోపాకు నెయ్యి, పాలకోవా, మాంసం తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి.

ఇంటి మీద బెంగ పెట్టుకుంటే? రోజూ వీడియో కాల్ చేయవచ్చా?

మూడో వారంలో బెంగ తప్పకుండా వస్తుంది. మొదటి రెండు వారాలు అంతా కొత్త, తర్వాత అలసట మొదలవుతుంది. రోజంతా పరాయి భాష వింటే తల బరువెక్కుతుంది, సాయంత్రం ఏడింటికే నిద్ర ముంచుకొస్తుంది. అది రోగం కాదు.

రోజూ ఫోన్ వద్దు. వారానికి రెండుసార్లు, వేళ చెప్పుకుని మాట్లాడండి. జర్మనీ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. గ్వాటెమాలా పదకొండున్నర గంటలు వెనక, అక్కడ పొద్దున లేచేసరికి ఇక్కడ సాయంత్రం. అమ్మలకు ఒక మాట. ఫోన్‌లో ఏడవద్దు. మీరు ఏడిస్తే పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడలేదు. నేను ఏడ్చాను, కాబట్టే చెప్తున్నాను.

కుటుంబంతో పడకపోతే?

మొదటి నెల అలవాటుకు సమయం ఇవ్వండి. చలి, తిండి, గది చిన్నది లాంటివి మాట్లాడుకుంటే సర్దుకుంటాయి. అరవడం, చేయి చేసుకోవడం, తాకడం, తిండి పెట్టకపోవడం, సేవ పేరుతో ఇంటి చాకిరీ చేయించడం ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. కోఆర్డినేటర్‌కు చెప్పి ఇల్లు మారాలి. ఇల్లు మారడం ఓటమి కాదని వెళ్లేముందే పిల్లకు చెప్పి పంపండి. 'సర్దుకుపో' అనే మన మాట ఇక్కడ పనికిరాదు.

అక్కడి పిల్లలను మేం మా ఇంట్లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, చాలా మంచిది. రోటరీ మార్పిడిలో ఇది మామూలే. విదేశీ అతిథి ఇంటికి వచ్చిన 24 గంటల్లోపు విదేశీయుల నమోదు పోర్టల్‌లో వివరాలు పెట్టాలి, అది మరచిపోవద్దు. కారం తగ్గించి వండండి, తాగడానికి కాచిన నీళ్లు ఇవ్వండి. ఇంగ్లిష్‌లో మాట్లాడాలని హైరానా పడకండి. మన తెలుగు, మన ఏటి, ఎల్లిపోతన్నావేటి, అన్నీ మాట్లాడండి. ఆ పిల్లలు వచ్చింది అది వినడానికే.

మిమ్మల్ని ఎప్పుడు కలవాలి?

ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. పిల్లలు లేకుండా తల్లిదండ్రులే రావద్దు. పది మెమో, ఆధార్ జిరాక్స్ తెచ్చుకోండి. పిల్లవాడు ఎందుకు వెళ్లాలనుకుంటున్నాడో ఒక పేజీ, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాసి తీసుకురమ్మనండి.